పీఆర్ కన్సల్టెన్సీలకు లైసెన్సు ఎవరిస్తున్నారు?

సంపాదకులకు నమస్కారం.

మా చెల్లెలి కొడుకు ఎంటెక్ చదివి హైదరాబాద్‌లో అయిదేళ్ళుగా ఉద్యోగం చేస్తున్నాడు. 2024లో కెనడా పీఆర్ (అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) కోసమని నగరంలోని ఒక కన్సల్టెన్సీకి లక్షా ఎనభై వేలు కట్టాడు. ఏడాది తిరిగాక వాట్సాప్‌లో ఒక మెసేజ్ వచ్చింది: 'ప్రొఫైల్ గడువు అయిపోయింది, మళ్ళీ పెట్టాలంటే ఇరవై వేలు.' లాగిన్ వివరాలు ఇవ్వమని అడిగితే అవి మా దగ్గరే ఉంటాయి, కంపెనీ పాలసీ అన్నారట. తన పేరు మీద, తన పాస్‌పోర్టు నంబరుతో పెట్టిన దరఖాస్తును వాడు ఇంతవరకూ కళ్ళతో చూడలేదు.

ఈ పీఆర్‌కు 2015 నుంచి నడుస్తున్నది ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పద్ధతి: వివరాలతో ప్రొఫైల్ పెడితే పాయింట్లు వేస్తారు, ఎక్కువ ఉన్నవాళ్ళను దరఖాస్తు చేసుకోమని పిలుస్తారు. ప్రొఫైల్ పెట్టడానికి కెనడా ప్రభుత్వం ఒక్క పైసా తీసుకోదు. ఫీజు కట్టేది ఆహ్వానం వచ్చాకే. ప్రొఫైల్ గడువు పన్నెండు నెలలు. అది తీరితే ఎవరికి వాళ్ళే మళ్ళీ పెట్టుకోవచ్చు, దానికీ డబ్బు అక్కర్లేదు.

బ్యాంకులో ముప్పై ఏళ్ళు పనిచేసినవాణ్ణి, లెక్క చూడందే నిద్ర పట్టదు. వాడి కాగితాలు తెప్పించుకుని పాయింట్లు కూడి చూశాను. గరిష్ఠం 1200. పెళ్ళికాని కుర్రాడికి 31 ఏళ్ళకు 99, ఎంటెక్‌కు 135, ఇంగ్లిషుకు 116, చదువూ అనుభవమూ ఇంగ్లిషుతో జతపడినందుకు 50. వెరసి 400. ఆ ఏడాది జనరల్ డ్రాలలో, అంటే ఏ ప్రత్యేక వర్గమూ లేకుండా అందరిలోంచీ పిలిచిన విడతల్లో, కటాఫ్ ఒక్కసారీ 520 కిందికి దిగలేదు. అంటే డబ్బు కట్టించుకున్న రోజునే వాడికి పిలుపు రాదని కౌంటరులో కూర్చున్నవాళ్ళకు తెలుసు. తెలియదంటే అది ఇంకా ఘోరం.

ఇంకో సంగతి చూసి నాకు ఒళ్ళు మండింది. వాడికి ఇంగ్లిషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో రీడింగ్, రైటింగ్, స్పీకింగ్ మూడింట్లోనూ 7 వచ్చింది, లిజనింగ్‌లో 7.5 దగ్గర ఆగింది. అక్కడ 8 వస్తే భాష కింద 8 పాయింట్లు, జతపడిన లెక్కలో మరో 50 కలుస్తాయి. అర బ్యాండుకు 58 పాయింట్లు! పరీక్ష మళ్ళీ రాయమని ఏడాదిలో ఒక్కరూ చెప్పలేదు. రాసినా 458 దగ్గరే ఆగేవాడు, నిజమే. అప్పుడు కెనడాలోని ఏదైనా ప్రావిన్సు (రాష్ట్రం) తనే పేరు సిఫారసు చేసే నామినేషన్‌కు ప్రయత్నించాలి, దానికి 600 పాయింట్లు. లేదా ఓపిక పట్టి ఫ్రెంచి నేర్చుకోవాలి. ఫ్రెంచి వచ్చినవాళ్ళను 2025 మార్చిలో 379 పాయింట్లకే పిలిచారు. ఈలోగా వయసు ఆగదు: 29 వరకు 110 ఉన్నది 35కు 77 అవుతుంది, 45కు సున్నా. కన్సల్టెన్సీ చుట్టూ తిరిగిన ఆ ఏడాదిలో వాడికి డబ్బుతో పాటు అయిదు పాయింట్లూ పోయాయి.

ఇది చాలదన్నట్టు, ఇంకో ఆరు లక్షలిస్తే జాబ్ ఆఫర్ లెటర్ తెప్పిస్తామన్నారట. మావాడు భయపడి వెనక్కి తగ్గాడు. ఇలాంటి లెటర్ల కొనుగోళ్ళు ముదరడం వల్లే 2025 మార్చి 25 నుంచి జాబ్ ఆఫర్‌కిచ్చే పాయింట్లను కెనడా పూర్తిగా తీసేసింది.

బ్రాంచిలో ఉండగా ఈ వ్యవహారంలో ఇంకో కొసను చూశాను. చేతిలో చాలినంత డబ్బుందని బ్యాంకు లెటరు కావాలంటూ తండ్రులు వచ్చేవారు. వడ్డీ వ్యాపారి దగ్గర తెచ్చి పొద్దున వేసిన సొమ్ము, వారం తిరక్కుండా తీసేసేది. కెనడా అడిగే లెటరులో గత ఆరునెలల సగటు నిల్వ, ఉన్న అప్పులు కూడా రాయాలి. 'మా కన్సల్టెంటు ఆ రెండు గళ్ళూ వదిలేయమన్నాడు సార్' అనేవారు, ఏ తప్పూ లేనట్టు. తప్పుడు కాగితం పట్టుబడితే అయిదేళ్ళు దరఖాస్తు చేసుకోవడానికే వీలుండదు. ఆ నిషేధం పడేది పిల్లవాడి మీద. సలహా ఇచ్చినవాడి పేరు ఏ కాగితంలోనూ కనిపించదు.

అసలు ప్రశ్న ఇక్కడే ఉంది. గల్ఫ్‌కు పనివాళ్ళను పంపే ఏజెంటు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టర్ కావాలి, తీసుకునే సర్వీసు చార్జీకి ముప్పై వేలని పరిమితి ఉంది. ఆ చట్టం ఎంత అమలవుతోందో కరీంనగర్, నిజామాబాద్ వాళ్ళనడిగితే చెబుతారు గాని, అడగడానికి ఒక కాగితమైనా ఉంది. పీఆర్ కన్సల్టెన్సీ మాత్రం 'మేం ఉద్యోగాలివ్వం, కాగితాలు నింపుతాం అంతే' అని దాని పక్కనుంచి జారుకుంటుంది. కెనడా చట్టం ప్రకారం డబ్బు తీసుకుని వలస సలహా ఇవ్వాలంటే అక్కడి లాయరో, లైసెన్సున్న పారాలీగలో (న్యాయ సహాయకుడు), క్యూబెక్ నోటరీయో, కాలేజీ అని పిలిచే అక్కడి కన్సల్టెంట్ల నియంత్రణ సంస్థలో లైసెన్సున్న సభ్యుడో అయివుండాలి. సభ్యుల జాబితా నెట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. మావాడు కట్టిన చోట లైసెన్సు నంబరు అడిగితే జీఎస్టీ నంబరు చూపించారు.

పంజాబ్ 2012లోనే ట్రావెల్ ఏజెంట్లకు, వీసా కన్సల్టెన్సీలకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. హర్యానా 2025లో తెచ్చింది. చట్టం రాగానే మోసాలు ఆగిపోయాయని నేననను. పోలీస్ స్టేషనుకు వెళ్ళినవాడిని 'ఇది సివిల్ మేటర్' అని తిప్పి పంపకుండా ఉండడానికైనా అది కావాలి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు అలాంటి చట్టం చేయాలి. అందులో ఈ రెండూ ఉంటే చాలు నాకు: లాగిన్ దరఖాస్తుదారు చేతిలోనే ఉండాలి, ఫీజు పని జరిగిన మేరకే కట్టించుకోవాలి. ఈలోగా విదేశీ ఉద్యోగాలు చూసే తెలంగాణ సంస్థ టామ్‌కామ్ వంటి ప్రభుత్వ సంస్థ నెలకో శనివారం జిల్లా కేంద్రాల్లో కూర్చుని పిల్లల పాయింట్లు కూడి చెప్పినా ఎన్నో ఇళ్ళల్లో అప్పులు తప్పుతాయి.

చివరగా మీకూ ఒక విన్నపం. మావాడు ఆ కన్సల్టెన్సీ పేరు మొదట చూసింది మా ఇంట్లో, మీ పత్రిక ఆదివారం ప్రకటనల్లో. '100 శాతం పీఆర్ గ్యారంటీ' అని ఉంది. ఇకనుంచి లైసెన్సు నంబరు లేని ప్రకటన తీసుకోబోమని మీరు ఒక్క మాట అచ్చు వేయగలరా? ఈ ఉత్తరం వేసినా వేయకపోయినా దానికి జవాబు మాత్రం ఇవ్వండి.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
ఖమ్మం