హాట్ యోగా: మొదటి క్లాసుకు ముందు

సంపాదకులకు,

హాట్ యోగా అంటే వేడి చేసిన గదిలో చేసే యోగా. బిక్రమ్ చౌదరి ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో గది వేడి సుమారు 40 డిగ్రీలు, తేమ 40 శాతం. 90 నిమిషాల్లో రెండు శ్వాస అభ్యాసాలతో కలిపి మొత్తం 26 అభ్యాసాలు. కొత్తవారు మొదటిరోజే ఇదంతా పూర్తిచేయనక్కర్లేదు. తలుపు దగ్గర మ్యాట్ పరుచుకుని, దానిమీద తువ్వాలు వేసుకోండి. చెమటకు ఉత్త మ్యాట్ జారుతుంది.

భోజనానికీ క్లాసుకూ మధ్య రెండు మూడు గంటలుండాలి. రెండు గంటల ముందు అర లీటరు నీళ్లు తాగి, క్లాసులో గుక్కెడు చొప్పున తాగండి. తర్వాత ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ మేలు. వట్టి నీళ్లే లీటర్లకొద్దీ తాగితే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వికారం వస్తాయి.

అసలు చిక్కు మరోచోట ఉంది. వేడికి కండరాలు వదులైనట్టనిపించి మామూలుకన్నా ఎక్కువ వంగుతారు. తొడ వెనక కండరం పట్టేసిన సంగతి మర్నాడు తెలుస్తుంది. అందుకే ఇంకాస్త వంగగలమనిపించే చోటే ఆగాలి. కళ్లు తిరిగితే కూర్చోండి, తగ్గకపోతే బయటికి రండి. మాట తడబడినా, మతి తప్పినా అది వడదెబ్బే కావచ్చు. ఒళ్లు చల్లబరుస్తూ ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

గర్భిణులు దీని జోలికి పోవద్దు. గుండెజబ్బు ఉన్నవారు, బీపీకి మూత్రం ఎక్కువ పోయే మాత్రలు వాడేవారు డాక్టరును అడగకుండా చేరవద్దు. చెమటతో ఒంట్లోని విషాలు పోతాయన్నది ఉత్త ప్రచారం, ఆ పని కాలేయం, మూత్రపిండాలది. రోహిణి కార్తెలో అయితే మామూలు గదిలో యోగా చాలు.

– యోగా శిక్షకులు, విజయవాడ