తల్లిదండ్రులకు ఈ నెల ఉత్తరం: ల్యాప్‌టాప్ గొడవ, మరికొన్ని సంగతులు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈసారి ముగ్గుల పోటీ గురించి రాద్దామని కూర్చున్నాను. కానీ వారం రోజులుగా గేటు దగ్గరా, వాట్సాప్ గ్రూపులోనూ ఒకటే మాట. "స్కూల్లో హ్యాకింగ్ నేర్పుతున్నారట, ఎవరిదో ల్యాప్‌టాప్ మొత్తం ఊడ్చేశారట" అని. ఆ 'అట'లు పోవాలంటే జరిగింది నేనే చెప్పాలి. రాత్రి పదకొండున్నరకు వాయిస్ మెసేజీలు పెట్టినవారు కూడా దయచేసి చివరిదాకా చదవండి.

మన పూర్వ విద్యార్థి ఒకరు వాళ్ల ఆఫీసులో పక్కన పడేసిన 12 ల్యాప్‌టాప్‌లు దసరాకు తెచ్చిచ్చారు. అన్నీ నాలుగో తరం, ఐదో తరం ఇంటెల్ ప్రాసెసర్లవి, 4 జీబీ ర్యామ్‌వి. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. విండోస్ 11 వేద్దామంటే దానికి ఇంటెల్‌లో అయితే ఎనిమిదో తరమో ఆ పైదో కావాలి, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా ఉండాలి. మనవి ఆ గడప దాటవు. పాత సామాన్ల బండికి వేసేయమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. మన కంప్యూటర్ సారు మాత్రం విండోస్ బదులు కంప్యూటర్‌ను నడిపే లినక్స్ మింట్‌లో తేలికపాటి రకం ఒకటి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, పిల్లల చేతే వేయించారు. దానికి పైసా కట్టక్కర్లేదు, అది దొంగ కాపీ కూడా కాదు. లినక్స్ అంటే 1991లో ఫిన్లాండ్‌లో లినస్ టోర్వాల్డ్స్ అనే యూనివర్సిటీ విద్యార్థి మొదలుపెట్టిన పని. ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల నడిచే కెర్నల్, అంటే గుండెకాయలాంటి భాగం, కూడా అదే. హ్యాకింగ్ అని మెసేజి పెట్టినవారు అది ఏ ఫోన్లో టైపు చేశారో ఒకసారి చూసుకుంటే బాగుంటుంది.

ఇక అసలు గొడవ. ఎనిమిదో తరగతి బాబు ఒకడు ఉత్సాహం ఆపుకోలేక పెన్‌డ్రైవ్ ఇంటికి పట్టుకెళ్లి నాన్నగారి ల్యాప్‌టాప్‌కి గుచ్చాడు. మధ్యలో అది ఒక ప్రశ్న అడుగుతుంది: విండోస్‌ని ఉండనిచ్చి పక్కన వేయమంటావా, డిస్కు మొత్తం తుడిచి వేయమంటావా అని. ల్యాబులోవి ఖాళీవి కాబట్టి మేం ఎప్పుడూ తుడిచే వేశాం. వాడు చూసిందే చేశాడు. ఇందులో తప్పు మాదే. ఉన్న ఫైళ్లకు ముందే ఇంకో కాపీ తీసిపెట్టుకోవడం మొదటి రోజే చెప్పాల్సిన పాఠం. మేం దాన్ని మూడో వారానికి పెట్టుకున్నాం. వాళ్లింటికి వెళ్లి క్షమించమని అడిగాను. ఆయన నన్ను కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. గ్రూపులో ఇప్పటికీ మండిపడుతున్నది ఆయన కాదు, మిగతావాళ్లు.

పని ఎంతయిందో తెర మీద చూపే గీత సగానికి వచ్చాక బాబుకి భయమేసి పవర్ బటన్ నొక్కి ఆపేశాడు. చాలావరకు దక్కింది అందుకే. తుడిచినంత మాత్రాన డిస్కులో ఉన్నది మాయమైపోదు. దాని మీద కొత్తది రాసేదాకా పాతది అక్కడే ఉంటుంది. అది పాతకాలపు హార్డ్ డిస్కు కావడం కూడా కలిసొచ్చింది, ఎస్‌ఎస్‌డీ అనే కొత్తరకం డిస్కు అయితే ఆశ చాలా తక్కువ. సారు ఆ డిస్కు ఊడదీసి ఇంకో కంప్యూటర్‌కి తగిలించి, పోయిన ఫైళ్లను వెతికి తీసే ఫోటోరెక్ అనే ప్రోగ్రామ్‌ను రాత్రంతా నడిపారు. అక్క నిశ్చితార్థం ఫొటోలు చాలావరకు తిరిగొచ్చాయి. కాకపోతే పేర్లన్నీ పోయి ఉత్త అంకెలు మిగిలాయి. ఆదివారాలు బాబు వాటి ముందు కూర్చుని ఎవరు మేనత్తో, ఎవరు పెద్దమ్మో అమ్మని అడిగి ఒక్కోదానికి పేరు పెడుతున్నాడు. కొట్టు లెక్కల ఫైలు మాత్రం రాలేదు.

ఆ లెక్కలకు రెండో కాపీ ఎక్కడుందని అడిగితే ఇంట్లో అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ ఒక్క ఇంటినే అనడం లేదు, మీ ఇంట్లో ఉందా? ఈ సందర్భంగా, మీరేమీ అనుకోనంటే, ఇంకో రెండు మాటలు. మా ఐదో తరగతి పిల్లల్లో సగం మందికి ఇంట్లోవాళ్ల యూపీఐ పిన్ నోటికి వచ్చు, పదమూడో ఎక్కం రాదు. షాపులో ఐదొందలకు వేయించుకున్న దొంగ విండోస్ మీద బ్యాంకు పనులు చేసుకుంటూ, స్కూలు వేసిన సాఫ్ట్‌వేర్ సురక్షితమేనా అని నన్ను నిలదీస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

పిల్లల పేర్లు రాయొద్దని సారు అన్నారు కాబట్టి రాయను, కానీ చెప్పకుండా ఉండలేను. రెండు ల్యాప్‌టాప్‌లలో అంతా బాగానే ఎక్కి వైఫై ఒక్కటీ రాలేదు. వైఫై రావాలంటే దాన్ని నడిపే డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రామ్ కావాలి, డ్రైవర్ దిగాలంటే ఇంటర్నెట్ కావాలి. పెద్దవాళ్లం తల పట్టుకున్నాం. తొమ్మిదో తరగతి అమ్మాయి సారు ఫోన్ అడిగి తీసుకుని, ఛార్జింగ్ వైరుతో కలిపి, ఫోన్ నెట్ ల్యాప్‌టాప్‌కి ఇచ్చి, డ్రైవర్ మేనేజర్ తెరిచి ఐదు నిమిషాల్లో తేల్చేసింది. నోరు విప్పి నాలుగు మాటలు మాట్లాడని ఇంకో బాబు పద్ధతంతా లాంగ్ నోటుబుక్కులో తెలుగులో రాశాడు. కంప్యూటర్ పెన్‌డ్రైవ్ నుంచి మొదలవ్వడానికి ఏ మీట నొక్కాలో చెప్పే మొదటి వాక్యం ఇది: "ఎఫ్12 టకటకా నొక్కుతూనే ఉండు, ఆపావా మళ్లీ మొదటికొస్తావు." మాన్యువల్ అంటే ఇలా ఉండాలి. మూత కీలు విరిగిన దానికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి నిలబెట్టింది ఏడో తరగతి కవలలు. అందాన్ని పట్టించుకోకండి, గట్టిగా ఉంది.

నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించిన విషయం వేరే. ఈ కంప్యూటర్లలో మెనూలు తెలుగులో పెట్టుకోవచ్చు. అన్నీ తెలుగులోకి రాలేదు, అక్కడక్కడా ఇంగ్లిషు తొంగిచూస్తుంది. అయినా మన ఆయమ్మ ల్యాబు ఊడుస్తూ తెర మీద "మూసివేయి" అని చదివి, మూసెయ్యమంటోంది కదా అని నొక్కబోయింది! తెలుగు చదవడం వచ్చి కూడా కంప్యూటర్ ముందు నిరక్షరాస్యులైపోయేవాళ్లు మన ఇళ్లలో ఎంతమంది? భారతీయ భాషల అక్షరాలను నేరుగా టైపు చేసే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మన పిల్లలకు ఎవరూ నేర్పరు. నేర్పితే పదిహేను రోజుల పని. అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి. అమ్మ అనాలంటే షిఫ్ట్ పట్టి డి, తర్వాత సి, డి, సి. అంతే. తెలుగు 'క' ఉన్న మీటే హిందీ 'క'కు కూడా, కాబట్టి ఒకటి నేర్చుకుంటే రెండు భాషలు వచ్చినట్టే. మన మాటను ఇంగ్లిషు అక్షరాల్లో గిలికి, ఫోను దాన్ని తెలుగు చేసిపెట్టేదాకా ఎదురుచూడటం నాకు మింగుడుపడదు. కేరళ ప్రభుత్వ బడుల్లో ఏళ్లుగా కంప్యూటర్లు లినక్స్ మీదే నడుస్తున్నాయి, అక్కడి పిల్లలు మలయాళం టైపు చేస్తున్నారు. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థవాళ్లు తెలుగు లినక్స్ కోసం ఎప్పటినుంచో పనిచేస్తున్నారు. మన ఊరి పిల్లలు ఎందుకు వెనకబడాలి? ఆరో తరగతి నుంచి వారానికి రెండు పీరియడ్లు తెలుగు టైపింగ్‌కి ఇస్తున్నాను. ఇంగ్లిషు పీరియడు తగ్గిస్తారా అని ఫోన్ చేయకండి, తగ్గించింది నా లెక్కల పీరియడే.

మార్కుల కార్డులు సంతకం చేసి వెంటనే పంపండి, రెండో టర్ము ఫీజు గడువు డైరీలో ఉంది, మూడో నంబరు బస్సు ఇకపై పది నిమిషాలు ముందే వస్తుంది.

ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉండి లినక్స్ వేయించుకోవాలనుకునేవారు రెండో శనివారం పదింటికి ల్యాబుకు తీసుకురండి. ఛార్జరు మరవొద్దు. మీ ఫొటోలు, లెక్కలు ముందే వేరే డిస్కులోకి కాపీ చేసుకుని, ఆ డిస్కు కూడా తెచ్చి చూపించాలి. అది లేకపోతే పిల్లలెవరూ మీ ల్యాప్‌టాప్‌ను ముట్టుకోరు. వేసేముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి మీకు చూపిస్తారు, అప్పుడు మీ డిస్కులో ఏదీ మారదు. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ తీసేసి అలాగే ఇంటికి పట్టుకెళ్లవచ్చు. రిజిస్టరులో పేర్లు రాసుకునేది ఆ ఎనిమిదో తరగతి బాబే. కాపీ తెచ్చారా అని మొదట అడిగేదీ వాడే.

ముగ్గుల పోటీ సెలవులకు ముందు రోజు. రంగులు స్కూలే ఇస్తుంది, ముగ్గుపిండి మీరు పంపండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు