పూర్తి ప్రతి పంపమన్నారు

మహబూబ్‌నగర్

ప్రియమైన సమూయేలుకు,

ప్రభువు నామమున వందనములు. నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు క్షమించు. ఇంట్లో అందరం క్షేమం, వేరుశనగ ఇంటికి చేరింది, అమ్మకు మోకాళ్ల నొప్పి కొంత తగ్గింది, మిగతా కబుర్లు తరువాత. ముందు ఈ సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు: నా నవలకు ఆ క్రైస్తవ ప్రచురణ సంస్థ నుండి జవాబు వచ్చింది, పూర్తి ప్రతి పంపమన్నారు!

మొదట వారు అడిగినవి మూడు అధ్యాయాలూ, ముగింపుతో సహా కథాసారాంశమూ మాత్రమే. పాత అనూ ఫాంట్లలో టైపు చేసినదంతా ఇప్పుడు అందరూ వాడే యూనికోడ్‌లోకి మార్చి, చెదిరిపోయిన వత్తులను ఒక్కొక్కటే సరిచేసి పంపాను. వారి నియమాలు నీకు తెలుసు: బూతు ఉండకూడదు, కథ పడకగది గుమ్మం దాటకూడదు, తాగుడును గొప్పగా చూపకూడదు. పాలమూరు వలస కూలీల కథలో తిట్లు లేకుండా, కూలీలను పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రితో గొడవ ఎట్లా రాస్తావని నువ్వు అడిగావు కదా, విను. మేస్త్రి అడ్వాన్సు లెక్క తప్పు చదివినప్పుడు నా కథలోని శాంతమ్మ సద్దిగిన్నె మూసి, కొంగు ముడిలోని చీటీ విప్పి, అతని ముందు నేలమీద పరిచి, గాలికి ఎగరకుండా రాయి పెట్టి, "మళ్లీ చదువు" అంటుంది. అక్కడ తిట్టు లేని లోటే కనబడలేదని సంపాదకురాలు రాశారు. ఆ మాట చదివి నా కళ్లు చెమ్మగిల్లాయి.

 

అసలు చిక్కు ముగింపు దగ్గర వచ్చింది. కథలో కల్లు మానలేని తండ్రి చివరలో బాప్తిస్మం తీసుకుంటే పాఠకులకు తృప్తిగా ఉంటుందని సంపాదకురాలు ఫోనులో సూచించారు. నా గుండె బరువెక్కింది. మన సంఘంలో మారని భర్తల కోసం ఏళ్ల తరబడి ఉపవాస ప్రార్థనలు చేస్తున్న తల్లులు ఉన్నారనీ, ఈ తండ్రి ఒక్క పేజీలో మారిపోతే వారికి ఈ పుస్తకంలో చోటు ఉండదనీ చెప్పాను. శుభ్రమైన కథ అంటే పాపమే కనబడని కథ అయితే, దావీదు బత్షెబల వృత్తాంతం బైబిలులో ఉండేదే కాదని కూడా అన్నాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. చివరకు ముగింపును అట్లాగే ఉంచి, అతడు మందిరం వాకిటి దాకా వచ్చి నిలబడే ఘట్టాన్ని మాత్రం పెంచమన్నారు. ఎంత సంతోషంగా ఒప్పుకున్నానో చెప్పలేను.

అచ్చు ఖర్చు నన్ను పెట్టుకోమనలేదు, అది నాకు ముఖ్యం. ఇక ఒప్పందం సంగతి. హక్కుల బదిలీకి గడువు రాయకపోతే 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం అది ఐదేళ్లుగా లెక్కకు వస్తుంది. అయినా గడువును స్పష్టంగా రాయించుకోవాలనే నా పట్టుదల. నల్లగొండ కోర్టులో రోజూ దస్తావేజులు చూసేవాడివి, ముసాయిదా రాగానే నీకే పంపుతాను.

చివరి అధ్యాయం నకలు దీనితోపాటు ఉంది. శాంతమ్మ ప్రార్థన ఇంకా కుదరలేదు. అది మందిరంలో పాడే కీర్తనల భాషలో ఉండాలా, లేక ఆమె పొయ్యి దగ్గర మాట్లాడే మాటల్లోనే ఉండాలా అన్నది... నల్లగొండ బస్సు ఎక్కే తమ్ముడు కవరు కోసం నిలబడ్డాడు. చదివి వెంటనే రాయి.

నీ దావీదు