ఇకమీదట మీ పెట్టెలో పచ్చికాయే వస్తుంది

మే రెండో వారంలో మా దగ్గర మామిడి తెప్పించుకున్న 186 మందికి ముందుగా ఒక మాట. ఆ కాయలు ఇంకా ఇంట్లో ఉంటే తినకండి, పిల్లలకు పెట్టకండి. వాటిని కార్బైడ్‌తో మాగబెట్టారు. మా చేతులతో చేసిన పని కాదు, కానీ పెట్టె మీద ఉన్నది మా తోట పేరు. డబ్బు అందరికీ వెనక్కి పంపాను. ఎవరికైనా అందకపోతే ఫోన్ చేయండి, అదే రోజు పంపుతాను.

కొత్తగా చేరినవాళ్ళ కోసం రెండు ముక్కలు. నూజివీడు పక్కన మా 11 కుటుంబాలకు తలా రెండు మూడెకరాల తోట ఉంది. ఒకప్పుడు ఎవరికి వాళ్ళం పూత మీదే వ్యాపారికి అమ్మేసుకునేవాళ్ళం. కాయ ఎంత కాసినా, ఎంత రేటు పలికినా మాకు దక్కేది ముందు అనుకున్న డబ్బే. ఎనిమిదేళ్ళ కిందట గట్లు అలాగే ఉంచి, సాగు, కోత, తూకం, అమ్మకం అన్నీ కలిపేశాం. అమ్మకం బాధ్యత నాది.

మా నాన్న కాయను గడ్డిలోనే మాగబెట్టేవాడు. నేనూ ఏడేళ్ళు అదే చేశాను. కానీ గడ్డి దొరకడమే గగనమైపోయింది. కోత మిషన్లు వచ్చాక పొలంలో మిగిలేది నలిగిన గడ్డి. చేత్తో కోసి కట్టలు కట్టిన పొడవాటి వరిగడ్డి కావాలంటే ఊళ్ళు తిరగాలి. ఈ ఏడాది ఆర్డర్లు దాదాపు రెట్టింపయ్యాయి. టెన్షన్‌తో నిద్ర పట్టక, మాగబెట్టే గదులున్న ఒకాయనతో మాట్లాడాను. ఇథిలీన్ వాడతానన్నాడు. పండు తనంతట తాను విడుదల చేసే వాయువే అది. 100 పీపీఎం వరకు, అంటే గాలిలో పది లక్షల పాళ్ళకు వంద పాళ్ళ వరకు, వాడుకోవచ్చని ఆహార భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. గది చూశాను, మీటర్ చూశాను, నమ్మాను. నాలుగు టన్నులు దింపాను.

మొదట ఫోన్ చేసింది కూకట్‌పల్లిలో ఉండే ఒక పాత ఖాతాదారు. "బాబూ, పైకి పసుపు పచ్చగా నిగనిగలాడుతోంది, కోస్తే లోపల తెల్లగా ఉంది, టెంక దగ్గర పులుపు. ఇది మీ కాయేనా?" అన్నారు. నాకు కోపం వచ్చింది. మా కాయనే అనుమానిస్తారా అని మాట తూలాను. అమ్మా, ఆ మాటకు మీకు ఫోన్‌లో క్షమాపణ చెప్పాను, ఇక్కడ అందరి ముందూ చెబుతున్నాను. మీరు అడగకపోతే ఇంకో 600 పెట్టెలు జనం ఇళ్ళకు వెళ్ళిపోయేవి.

ఫోన్ పెట్టేశాక మనసు ఒప్పలేదు. రాత్రి పదింటికి ఆ గదికి వెళ్ళాను. ట్రేల మధ్య చిన్న చిన్న కాగితం పొట్లాలు, లోపల బూడిద రంగు పొడి. ఒక పొట్లం విప్పి గ్లాసు నీళ్ళలో వేశాను. బుసబుసా పొంగింది, వెల్లుల్లి లాంటి ఘాటు వాసన. ఇక ఎవరూ నాకు చెప్పక్కర్లేదు. కార్బైడ్‌కు తేమ తగిలితే ఎసిటిలీన్ అనే వాయువు వస్తుంది, దాంతో పాటు ఆర్సెనిక్, ఫాస్ఫరస్ ఆనవాళ్ళూ ఉంటాయి. పండ్లు మాగబెట్టడానికి దాన్ని వాడకూడదని 2011 ఆహార భద్రతా నిబంధనల్లో స్పష్టంగా ఉంది. ఇథిలీన్ సిలిండర్ అయిపోయింది, ఒక్కసారికే కదా అన్నాడు ఆ గదులాయన. అధికారులకు ఫిర్యాదు రాసిచ్చాను.

గదిలో ఇంకా మూడు టన్నులకు పైగా కాయ మిగిలింది. గుజ్జు కోసం కొనే ఏజెంటు ఒకరు తెల్లారేసరికి తోటకు వచ్చాడు. ఎంతో కొంత వస్తుంది, ఎవరికీ తెలియదు అన్నాడు. మా వాళ్ళలో నలుగురు ఇచ్చేద్దామన్నారు. వాళ్ళను తప్పు పట్టను. ఒకరి ఇంట్లో జూన్‌లో పెళ్ళి ఉంది, ఇంకొకరికి బోరు బాకీ ఉంది. మూడు రాత్రులు ఆలోచించాను. ఆ గుజ్జు ఏ జ్యూస్ సీసాలోకి వెళ్తుందో, ఏ పిల్లాడు తాగుతాడో నాకు తెలియదు. తెలియనంత మాత్రాన ఆ కాయ మంచిదైపోదు కదా. నాలుగో రోజు పొక్లెయినర్ పెట్టించి గుంత తీసి పూడ్చేశాను. మా నాన్న నాటిన చెట్ల కాయలు కూడా అందులో ఉన్నాయి. గుంత పూడ్చేదాకా అక్కడే నిలబడ్డాను. కుటుంబాలకు తూకం ప్రకారం రావాల్సిన మొత్తం డబ్బు నేనే ఇచ్చాను, దాచుకున్న డిపాజిట్ తీసి. గదికి పంపుదామన్నది నేను, కాబట్టి నష్టం నాదే. రెండు ఇళ్ళవాళ్ళు ఇప్పటికీ నాతో ముభావంగానే ఉన్నారు.

ఇక మీకు సంబంధించిన మార్పు. మాగిన పండు ఇకమీదట మేం అమ్మం. చెట్టు మీద ముదిరిన పచ్చికాయనే కోసి, తొడిమ ఉంచి, సొన కారనిచ్చి పంపుతాం. ముదిరిన కాయకు తొడిమ చుట్టూ భుజాలు పైకి లేస్తాయి, నీళ్ళలో వేస్తే మునుగుతుంది. తేలిన కాయ పెట్టెలోకి రాదు. ఫ్లాట్లలో ఉండేవాళ్ళకు ఇదంతా చేసే ఓపిక ఎక్కడిది, పండే కావాలంటారు, సగం మంది పోతారు అని మా వాళ్ళే అన్నారు. పోతే పోనీండి. మళ్ళీ నా కాయను నా కళ్ళ ముందు లేని గదిలో పెట్టను.

ప్రతి పెట్టెలో అడుగున, పైన వరిగడ్డి మేమే పెడతాం. కాయను కడగకండి. గాలి ఆడే మూలన గడ్డి పరిచి, తొడిమ కిందకు వచ్చేలా ఒక వరుస పేర్చండి, మహా అయితే రెండు. పైన గడ్డి, దాని మీద పాత నూలు చీర కప్పండి. రోజూ ఒకసారి చూసి, మెత్తబడినవి తీసేయండి. రసాలు నాలుగైదు రోజుల్లో, బంగినపల్లి దాదాపు వారంలో తయారవుతుంది. పండకముందు ఫ్రిజ్‌లో పెడితే మాత్రం రుచి రాదు. తినేముందు గంటసేపు నీళ్ళలో వేయండి. తొక్క మీద అక్కడక్కడా ఆకుపచ్చ మిగిలినా కంగారు పడకండి. గడ్డిలో మాగిన బంగినపల్లి ఒకే రంగులో రాదు. రంగు చూసి కాయను వెనక్కి పంపితే ఇకపై తీసుకోను. లోపల చెడిపోయి ఉంటే ఫోటో కూడా అడగకుండా డబ్బు ఇస్తాను.

ధర పెంచడం లేదు. చిన్న రసాలు ఇంకో రెండు కోతలే ఉన్నాయి, బంగినపల్లి మూడు. వచ్చే కోత శుక్రవారం తెల్లవారుజామున. గురువారం సాయంత్రం ఆరు లోపు ఎంతమంది చెబితే అంతే కాయ కోస్తాం, మిగతాది చెట్టు మీదే ఉంచుతాం.