మంగు కనిపించాక మందు కొట్టి ఏం లాభం?

సంపాదకులు గారికి,

పొదలకూరు మార్కెట్‌లో నిమ్మ బస్తా విప్పగానే కొనేవాళ్ల చూపు ముందు మంగు కాయ మీదే పడుతుంది. రసానికి ఏ లోటూ ఉండదు. తొక్క మాత్రం తుప్పు పట్టిన రేకులా ఉంటుంది, కాయ తొందరగా వాడి తూకం తగ్గుతుంది. అది వేరే కుప్పలోకి పోతుంది, ధర కూడా వేరే. ఇంటికి తిరిగొచ్చిన రైతు మర్నాడే స్ప్రేయర్ బయటికి తీస్తాడు. పొరపాటు అక్కడే మొదలవుతుంది. మంగు అనేది కంటికి ఆనని నల్లి (మైట్) వచ్చి తన పని ముగించుకున్నాక మిగిలే మచ్చ. పిందె బఠాణీ, గోలీ సైజులో ఉన్నప్పుడు నల్లి పైతొక్క కణాలను గుచ్చి పీలుస్తుంది. చచ్చిన కణాలు మొదట బూడిద, వెండి రంగు పొరలా, ఆ తర్వాత గోధుమ రంగులోకి తేలతాయి. ఆ తొక్క మళ్లీ పచ్చబడదు. అప్పుడు కొట్టే మందు తర్వాత వచ్చే పిందెకు పనికిరావచ్చు గానీ కళ్ల ముందున్న కాయకు కాదు.

మంగు నల్లి పొడవు సుమారు 0.15 మిల్లీమీటర్లు. లేత పసుపు రంగు, ముల్లంగి దుంపలా ముందు లావు, వెనక సన్నం. మామూలు కంటికి ఆనదు, 10 రెట్లు పెద్దగా చూపే లెన్స్ కావాలి. వేడి రోజుల్లో గుడ్డు నుంచి పెద్ద నల్లి కావడానికి 7 నుంచి 10 రోజులు చాలు. అందుకే నెలకోసారి తోట చూస్తే మధ్యలో మూడు తరాలు గడిచిపోతాయి. పిందె పడ్డప్పటి నుంచి వారానికోసారి, ఎకరాకు పదిహేను, ఇరవై చెట్లలో ఒక్కో చెట్టుకు నాలుగు వైపులా ఒక్కో కాయ చూడాలి. ఈ నల్లికి మండే ఎండా గిట్టదు, చిక్కటి నీడా గిట్టదు. కాయ మీద ఎండ, నీడ కలిసే అంచున ఉంటుంది, లెన్స్ అక్కడ పెట్టాలి. అమెరికాలోని ఫ్లోరిడా నారింజ తోటల్లో, తాజాగా అమ్మే పండు మీద చదరపు సెంటీమీటరుకు 2 నల్లులు కనిపిస్తే మందుకు సిద్ధమవుతారు. తొక్క చూసి బేరమాడే నిమ్మకూ ఆ లెక్క దగ్గరగా సరిపోతుంది.

గీత పడ్డ ప్రతి కాయా మంగు కాదు. తొడిమ చుట్టూ ఉంగరంలా గరుకు మచ్చ ఉంటే అది తామర పురుగు పని. కొమ్మకు రాసుకున్న గీతలు కాయకు ఒక పక్కనే పడతాయి. దేనికి కొడుతున్నామో తెలియకుండా నాలుగు సీసాలు ఒకే డ్రమ్ములో కలిపితే వచ్చేది కొత్త తలనొప్పే.

దాని సంగతి కాస్త వివరంగా చెప్పాలి. నల్లి ఆరు కాళ్ల పురుగు జాతి కాదు, సాలీడు వర్గం. ఇమిడాక్లోప్రిడ్ వంటి పురుగుమందులు దాన్ని ఏమీ చేయవు. సింథటిక్ పైరిత్రాయిడ్లయితే నల్లిని వదిలేసి, నల్లిని తినే నల్లులనూ అక్షింతల పురుగులనూ చంపుతాయి. ఆపిల్ తోటలు ఈ పాఠం ఎప్పుడో నేర్చుకున్నాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత డీడీటీ కొట్టిన తోటల్లో కాయ తొలిచే పురుగు తగ్గింది, అప్పటిదాకా ఎవరూ పట్టించుకోని ఎర్రనల్లి ఆకుల్ని కంచు రంగులోకి మార్చేసింది. తేయాకులో పసుపు నల్లి అని పిలిచేది, మన మిరపలో కింది ముడత తెచ్చే తెల్లనల్లి, రెండూ ఒకటే జీవి. దానికీ ఈ సూత్రమే వర్తిస్తుంది. ఆపిల్‌కు ఒక సౌకర్యం ఉంది. చలికాలంలో ఆకు రాలి, ఎర్రనల్లి గుడ్లు కొమ్మల మీద బయటపడతాయి, చిగురు విప్పకముందే మినరల్ నూనె కొట్టి ముంచేస్తారు. ఏడాది పొడవునా ఆకుతో, పూతతో ఉండే నిమ్మకు ఆ వెసులుబాటు లేదు.

నిమ్మలో ఇంకో మెలిక ఉంది, దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. వానలు మొదలవగానే గజ్జి తెగులుకు కాపర్ ఆక్సీక్లోరైడ్ కొడతాం. అది తప్పు కాదు, గజ్జి కాయనూ ఎవరూ కొనరు. కానీ తేమ రోజుల్లో మంగు నల్లికి పట్టే ఒక బూజు ఉంది, గుంపులు గుంపులుగా చంపి సంఖ్యను దించేది అదే. రాగి మందు గజ్జితో పాటు ఆ బూజునూ అణచేస్తుంది. పదే పదే రాగి పడిన తోటలో మంగు ఎగబడటానికి ఇదొక కారణం. రాగి కొట్టిన 10 నుంచి 14 రోజుల మధ్య లెన్స్ పట్టుకుని తప్పనిసరిగా తోటలోకి వెళ్లాలి. కొత్తగా నాటేవాళ్లు గజ్జిని తట్టుకునే బాలాజీ రకం ఎంచుకుంటే రాగి అవసరమే తగ్గుతుంది.

ఇక మందు. నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు ఇప్పటికీ చౌక, పనికొచ్చేది. 20 అడుగుల దూరంలో నాటిన ఎకరంలో సుమారు 110 చెట్లుంటాయి. కాపుకొచ్చిన చెట్టు లోపలి కొమ్మలదాకా తడవాలంటే 6 లీటర్లయినా కావాలి, అంటే 660 లీటర్ల నీళ్లు, దాదాపు 2 కిలోల గంధకం. 200 లీటర్ల డ్రమ్ము ఒక్కటి కలిపి ఎకరం ముగించాం అంటే ఆకుల పైభాగం తడిసిందని అర్థం, నల్లి ఉన్న కాయ తడవలేదు. గంధకం తగిలినచోటే పనిచేస్తుంది. ఎండ 35 డిగ్రీలు దాటే రోజుల్లో మాత్రం దాన్ని ముట్టుకోవద్దు, కాయ కాలి మంగుకంటే అన్యాయంగా తయారవుతుంది. మన జిల్లాలో ఏప్రిల్, మే నెలల్లో అది దాదాపు రోజూ ఉండే వేడే. అప్పుడు ప్రోపర్‌గైట్ అనే నల్లి మందు లీటరుకు 1 మిల్లీలీటరు, సాయంత్రం చల్లబడ్డాక కొట్టాలి. అవసరమైతే 15 రోజులకు రెండోసారి. ఏటా అదే మందు వరసగా వాడితే నల్లి దానికి అలవాటు పడుతుంది, గంధకంతో మార్చి మార్చి వాడాలి.

ఈ రెండింటినీ వేపనూనెతో గానీ మరే నూనెతో గానీ కలపకూడదు. నూనె కొట్టాక కనీసం మూడు వారాలు ఆగాలి. మైలుతుత్తం, సున్నం కలిపి చేసే బోర్డో మిశ్రమంతో ప్రోపర్‌గైట్ కలిపితే సున్నం ఘాటుకు మందు విరిగిపోతుంది. పాత పుస్తకాల్లో, పాత కరపత్రాల్లో మంగుకు డైకోఫాల్ 5 మిల్లీలీటర్లు అని కనిపిస్తుంది. 2023లో కేంద్రం దాన్ని నిషేధించింది. పాత సరుకని ఎవరైనా చవగ్గా అంటగట్టబోతే తీసుకోవద్దు.

రైతు సేవా కేంద్రాల్లో ఎరువుల బస్తాల లెక్క రాస్తున్నారు, మంచిదే. నిమ్మ పండే ప్రతి ఊళ్లో ఆ కేంద్రానికి రెండు లెన్సులిచ్చి, పిందె దశలో వారానికోసారి నాలుగు తోటలు చూసి, నల్లి ఉందో లేదో గోడ మీది బోర్డుపై రాయిస్తే చాలు. పూత పడ్డాక మొదటి రెండు నెలలు ఆ పని జరిగేలా జిల్లా ఉద్యాన శాఖ చూడాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాం.

ఇట్లు,
ఉద్యాన పట్టభద్రులు,
నెల్లూరు జిల్లా