ఆన్ చేసి చూడకు తల్లీ

విజయవాడ,
బుధవారం రాత్రి.

చి. శైలుకు నాన్న ఆశీస్సులు.

నీ ఫోను బక్కెట్టు నీళ్ళలో పడిందని సాయంత్రం నువ్వు స్నేహితురాలి ఫోను నుంచి చెబుతున్నప్పుడు పక్కన మీ అమ్మ ప్రశ్నలు, వెనక నాయనమ్మ సలహాలు. ఆ గోలలో "ఆపెయ్యి, ఛార్జింగు పెట్టకు" అన్న రెండు ముక్కలే చెప్పగలిగాను. చివర్లో నువ్వు "పొద్దునకల్లా ఆరిపోతుందిగా నాన్నా, ఒక్కసారి ఆన్ చేసి చూస్తాను" అన్నావు. వద్దని మీ అమ్మ ఆ అమ్మాయి ఫోనుకు వెంటనే మెసేజి పెట్టింది. కానీ కారణం చెప్పనిదే నువ్వు ఏ మాటా వినవు కనుక కారణాలన్నీ రాస్తున్నాను.

రేపు పొద్దున బాబాయి మిర్చి యార్డు పని మీద గుంటూరు వస్తున్నాడు. హాస్టలు గేటు దగ్గర ఈ కవరూ ఒక పొట్లమూ ఇస్తాడు. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ ఆగుతాడు, అప్పుడు నీ ఫోను అతనికి ఇచ్చి పంపు. రాత్రికే విప్పుతాను.

గవర్నర్‌పేట దుకాణంలో ఇన్నేళ్ళుగా రేడియోలు, టీవీలు విప్పినవాడిగా చెబుతున్నాను. తడి ఒక్కటే లోపలి సర్క్యూట్ బోర్డును అంత తొందరగా చంపదు. తడికి కరెంటు తోడైతే చంపుతుంది. కాఫీ ఒలికిన టీవీ రిమోటును సెల్లులు తీసేసి, స్పిరిటుతో కడిగి ఆరబెడితే చాలాసార్లు బతికేది. పాత నోకియా ఫోన్లకూ ఆ వెసులుబాటు ఉండేది. వెనక మూత తీసి బ్యాటరీ లాగేస్తే సగం గండం గడిచినట్టే. ఇప్పటి ఫోన్లలో బ్యాటరీని లోపల అతికించేస్తున్నారు. నువ్వు స్విచ్ ఆఫ్ చేసినా బోర్డులో కొన్ని చోట్ల కరెంటు ఉంటూనే ఉంటుంది. ఆన్ చేస్తే బోర్డంతా పారుతుంది. అక్కడ వెంట్రుకవాసి ఎడంతో ఉన్న రెండు టంకాల మధ్య నీటిచుక్క నిలిచి ఉంటే కరెంటు దాని గుండా దారి చేసుకుంటుంది. ఒకవైపు లోహం కరిగి రెండోవైపు పేరుకుంటుంది. రాగి మీద చిలుము పడుతుంది. బయట అద్దం పొడిగా కనిపించినంత మాత్రాన ఆ చుక్క పోయినట్టు కాదు.

పైగా నీ ఫోను పడింది మంచినీళ్ళలో కాదు, బట్టలు నానబెట్టిన బక్కెట్టులో. మీ హాస్టలుది బోరు నీరు. బక్కెట్టు అంచున పట్టిన తెల్లటి పొర చూశావుగా, అదంతా ఆ నీటిలోని లవణాలే. లవణాలు ఉన్న నీరు కరెంటును బాగా పారనిస్తుంది. సబ్బు కలిస్తే మామూలు నీటికన్నా సన్నటి సందుల్లోకి సులువుగా దూరుతుంది. నీరు ఆవిరైపోయినా ఆ తెల్లపొడి బోర్డు మీదే ఉండిపోతుంది. మన వానాకాలపు గాలిలోని తేమ తగిలితే మళ్ళీ తన పని మొదలుపెడుతుంది. "తడిసింది, ఆరింది, నెల రోజులు బాగానే పనిచేసింది, ఉన్నట్టుండి పోయింది" అంటూ వచ్చేవాళ్ళ కథ అంతా ఇదే.

"నాది వాటర్‌ప్రూఫ్ కదా" అని కూడా అన్నావు. దాని డబ్బా మీద ఐపీ67 అని ఉంది. మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీటికి. 7 అంటే ఒక మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా తట్టుకుంటుందని. ఆ పరీక్ష కొత్త ఫోనుకు, మామూలు మంచినీటిలో చేస్తారు. సబ్బు నీటికి, వేడి నీటికి, సూర్యలంకలో సముద్రపు నీటికి ఆ హామీ లేదు. నీ ఫోను ఎన్నిసార్లు కింద పడిందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. అద్దం అంచున బీట ఉన్నప్పుడు నీటిని ఆపే లోపలి జిగురు ఇంకా పట్టి ఉంటుందని నమ్మకం ఏమిటి?

ఇక ఫోనును బియ్యం డబ్బాలో పెట్టమన్న నాయనమ్మ సలహా. ఆవిడ మాట కాదనడం నాకూ కష్టమే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు దుకాణానికి టీవీలు, మిక్సీలతో పాటు ఫోన్లూ సంచుల్లో వచ్చాయి. వాటిలో చాలావాటి ఛార్జింగు రంధ్రంలో తవుడు ముద్దగా పట్టి ఉంది. ఒకదానిలో నూక ఇరుక్కుని, సూదితో గీకినా రాలేదు. బియ్యంలో అప్పటికే నూటికి పన్నెండు, పదమూడు వంతుల తేమ ఉంటుంది. అది ఫోను లోపలి రేకుల కింద ఉన్న చుక్కను బయటికి లాగలేదు. ఆపిల్ వాళ్ళు కూడా ఐఫోనును బియ్యంలో పెట్టవద్దని రాశారు. ఆ వరద ఫోన్లలో బురద పట్టినా బతికినవి ఉన్నాయి. పూర్తిగా చచ్చినవి ఎక్కువగా, ఇంటికి కరెంటు రాగానే ఛార్జరుకు తగిలించినవే.

హెయిర్ డ్రయ్యరు జోలికి వెళ్ళకు. ఆ గాలి నీటిని ఇంకా లోపలికి నెడుతుంది, వేడికి అద్దం కింది జిగురు వదులవుతుంది. డాబా మీద ఎండలో పెట్టడమూ అంతే, బ్యాటరీకి మంచిది కాదు. ఛార్జింగు రంధ్రంలో దూదిపుల్ల, కాగితం దూర్చకు, వాటి పీచు అక్కడే ఉండిపోతుంది. రేపు సాయంత్రం దాకా చెయ్యవలసింది తక్కువే. ఫోనుకు తొడిగిన కవరు తీసెయ్యి. ఛార్జింగు రంధ్రం కిందికి ఉండేలా పట్టుకుని అరచేతికేసి మెల్లగా తట్టు, విదిలించకు. మెత్తటి నూలు గుడ్డతో తుడువు. తర్వాత అదే వైపు కిందికి ఉండేలా పుస్తకాలకు ఆనించి, టేబుల్ ఫ్యాను ఎదురుగా నిలబెట్టు. సిమ్ ట్రే కూడా బయటికి తీసి ఉంచు. పిన్ను గుచ్చేటప్పుడు ట్రే మీదే ఉన్న చిన్న రంధ్రంలో గుచ్చు. కింది అంచున ఛార్జింగు పక్కన ఉండేది మైకు. అందులో గుచ్చితే నీటి కన్నా ముందు నువ్వే ఫోను పాడుచేసినదానివి అవుతావు.

వెనక మూత ఉబ్బినట్టు కనిపించినా, ఆపి ఉన్న ఫోను వేడెక్కినా మాత్రం దిండు పక్కన పెట్టుకోవద్దు. బట్టలకు, కాగితాలకు దూరంగా గచ్చు మీద పెట్టి, వెంటనే నాకు ఫోను చెయ్యి. అలాంటిది బాబాయి సంచిలోనూ వెయ్యకూడదు.

నేను ఇక్కడ ఏం చేస్తానో కూడా చెబుతాను, నీకు నమ్మకం కుదురుతుంది. వెనక మూత విప్పగానే ముందు బ్యాటరీ కనెక్టరు పైకి లేపేస్తాను. ఆ క్షణం నుంచి మనకు తొందర లేదు. తర్వాత బోర్డు బయటికి తీసి, చిప్పుల మీద ఉండే రేకు మూతలు ఎత్తుతాను. నీళ్ళు దాక్కునేది అక్కడే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన మెత్తటి బ్రష్షుతో తెల్లపొడి, చిలుము పోయేదాకా రుద్దాలి. ఆ ద్రవం నీటిని తనలో కలుపుకుని, తాను త్వరగా ఎగిరిపోతుంది. బాగా ఆరాక మల్టీమీటరు పెట్టి షార్టు ఎక్కడా లేదని చూసుకుని, అప్పుడు బ్యాటరీ తగిలిస్తాను. సిమ్ గాడి లోపల ఒక తెల్లటి చుక్క కాగితం ఉంటుంది, నీరు తగిలితే ఎర్రబడుతుంది. అది ఎర్రబడితే వారంటీ మీద ఆశ వదులుకోవాల్సిందే. కనుక నేను విప్పినందువల్ల నీకు కొత్తగా పోయేది పెద్దగా లేదు.

నీ కాలేజీ రికార్డు ఫోటోల గురించి ఏడ్చావని మీ అమ్మ చెప్పింది. స్క్రీను పోయినా మార్చుకోవచ్చు, బ్యాటరీ పోయినా మార్చుకోవచ్చు. ఫోటోలు మాత్రం బోర్డు మీదే ఉంటాయి. ఇప్పటి ఫోన్లలో అవి తాళం వేసిన రూపంలో ఉంటాయి కనుక, చిప్పు ఊడదీసి ఇంకోచోట పెట్టి చదవడం కుదరదు. అదే బోర్డు మళ్ళీ ప్రాణం పోసుకోవాలి. నిన్ను ఆన్ చెయ్యనివ్వకపోవడానికి అసలు కారణం ఇదే. అది వెలిగిన మరుక్షణం చెయ్యవలసింది ఆ ఫోటోలు వేరేచోటికి ఎక్కించుకోవడం. మిగతా సంగతులు ఆ తర్వాత.

పొట్లంలో బటన్ ఫోను ఉంది, 4జీ సిమ్ పనిచేసేదే. నీ సిమ్ చిన్నది, దీని గాడి పెద్దది, అందుకే ప్లాస్టిక్ అడాప్టరు కూడా పెట్టాను. సిమ్ తుడిచి వేసుకో. నీళ్ళలో పడినంత మాత్రాన సిమ్ చెడదు. బ్యాంకు ఓటీపీలు దీనికే వస్తాయి. మూత సీసాలో ఉన్నవి సిలికా జెల్ పొట్లాలు, చెప్పుల పెట్టెల్లో వస్తాయే, అవి. బాబాయికి ఇచ్చేటప్పుడు నీ ఫోనును వాటితో కలిపి మూత గట్టిగా ఉన్న టిఫిను డబ్బాలో పెట్టు. దారిలో వాన పడినా భయం లేదు.

లాక్ ప్యాటర్న్ కాగితం మీద గీసి పంపుతావేమో, వద్దు. స్క్రీను వెలిగిందా లేదా అన్నదే నేను చూస్తాను. ఆదివారం గంట ప్రయాణం చేసి వచ్చి నువ్వే తెరుచుకో, ఫోటోలు నువ్వే ఎక్కించుకో.

ఇట్లు,
నాన్న