గవర్నర్ జనరల్ చేసినాయన మళ్లీ ఓట్లు అడగొచ్చా?

సంపాదకుడు గారికి,

రాజకీయ నాయకుల్ని గవర్నర్లుగా వేయకూడదని మీ పేజీలో ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. 1984లో ఎన్టీఆర్‌ని దించేసిన రామ్‌లాల్ కూడా అంతకుముందు హిమాచల్ ముఖ్యమంత్రే కాబట్టి ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ నేనుండే కెనడాలోని విన్నిపెగ్‌లో, ఇక్కడి నాయకుడై తర్వాత దేశానికి గవర్నర్ జనరల్ (మన రాష్ట్రపతి లాంటి పదవి) చేసిన ఎడ్ ష్రైయర్ సంగతులు తెలిశాక నా అభిప్రాయం సగం మారింది. సగమే.

ఈయన ఇరవై రెండేళ్లకే, 1958లో, విన్నిపెగ్ ఉన్న మానిటోబా రాష్ట్ర శాసనసభకి గెలిచారు. 1969లో ఎన్‌డీపీకి (న్యూ డెమోక్రటిక్ పార్టీ) అక్కడి నాయకుడైన కొద్ది వారాలకే ఎన్నికలొస్తే 57 సీట్లలో 28 వచ్చాయి, అంటే మెజారిటీకి ఒక్కటి తక్కువ. ఒక లిబరల్ పార్టీ సభ్యుడి మద్దతుతో ప్రీమియర్, అంటే మన ముఖ్యమంత్రి లాంటి వారు, అయ్యారు. ఆ బొటాబొటీ బలంతోనే, ఏజెంట్లు ఎంత గొడవ చేసినా, కారు బీమాని ప్రైవేటు కంపెనీల నుంచి ప్రభుత్వం చేతికి తెచ్చారు. 1971లో ఆటోప్యాక్ పేరుతో మొదలైన ఆ ప్రభుత్వ బీమా ఇప్పటికీ నడుస్తోంది. (నేను కొత్తగా వచ్చినప్పుడు నాలుగు కంపెనీల రేట్లు కనుక్కుందామని బయల్దేరి, తప్పనిసరి బీమాకి ఇక్కడ ఇంకో కంపెనీయే లేదని తెలిసి నోరెళ్లబెట్టాను.)

1977లో ఓడిపోయారు. 1979 జనవరిలో ప్రధాని పియర్ ట్రూడో సలహాపై గవర్నర్ జనరల్ అయ్యారు. అసలు పరీక్ష ఆ డిసెంబర్‌లో వచ్చింది. అప్పటికి ట్రూడో ఓడిపోయి జో క్లార్క్ ప్రధాని అయ్యారు, ఆయన బడ్జెట్ 139-133తో వీగిపోయింది, సభ రద్దు చేయమని అడిగారు. ఎన్నికలై ఏడు నెలలే. ష్రైయర్ వెంటనే ఊ అనలేదు, వేరే దారి ఉందేమోనని కాసేపు ఆలోచించి తర్వాత ఒప్పుకున్నారు. తనకి ఆ కుర్చీ ఇప్పించిన ట్రూడో ఎదురుగా ప్రతిపక్షంలోనే ఉన్నా, ఆయన్ని పిలిచి గద్దె ఎక్కించలేదు. ఒక్క సీటు తక్కువతో ప్రభుత్వం నడపడమంటే ఏమిటో తెలిసిన మనిషి ఆ రోజు అక్కడుండటం మంచిదే అయిందని నా ఉద్దేశం. ఫిబ్రవరిలో జనం ట్రూడోనే తెచ్చుకున్నారు, అది జనం ఇష్టం.

నాకు మింగుడుపడనిది 2006. డెబ్బై ఏళ్ల వయసులో ఆయన సెల్కర్క్-ఇంటర్‌లేక్ నుంచి మళ్లీ ఎన్‌డీపీ తరఫున పార్లమెంటుకి నిలబడి ఓడిపోయారు. గవర్నర్ జనరల్ చేశాక అలా పోటీకి దిగింది ఈయనే మొదట. చట్టం అడ్డు చెప్పదు, పదవి దిగి ఇరవై ఏళ్లు దాటింది కూడా, అయినా నాకు ఎబ్బెట్టుగానే అనిపించింది. మరి 2024 మార్చిలో తెలంగాణ గవర్నర్‌గా రాజీనామా చేసి, అదే నెలలో బీజేపీ అభ్యర్థిగా చెన్నై సౌత్‌లో దిగిన తమిళిసై గారి గురించి ఏమనాలి?

నాయకుల్ని వేయండి, నాకేం అభ్యంతరం లేదు. ప్రమాణం చేయించే రోజే, ఇక ఎన్నికల్లో నిలబడనని కూడా రాయించుకోండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, విన్నిపెగ్